తెరవని లైసెన్సు

ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు గీసే మా చిన్న ఆఫీసుకు మేనేజరు సారు రోజూ పెనుకొండ నుంచి బస్సులో వచ్చేవాడు. నెలకోసారి ఒక్కొక్కరి దగ్గరా నిలబడి, “దీన్ని తెరిచి ఎన్నాళ్లాయె?” అని అడిగేవాడు. కంప్యూటర్లో డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్‌కు మాకున్నవి ఐదు లైసెన్సులు. ఎవరూ వాడనిదాన్ని వెంటనే తీసేయించేవాడు.

ఒకసారి నా దగ్గరికొచ్చాడు. నేను చేరి రెండు నెలలైనా దాన్ని తెరవలేదు. కాగితం మీద గీసి, పక్కనమ్మాయి చేత కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. లైసెన్సు పోతే ఉద్యోగమూ పోయినట్టే.

“పని లేకనా, రాకనా?”

“రాదు సార్. ముట్టుకోవాలంటే భయం.”

“నాకూ రాదులేమ్మా. రోంత జరుగు,” అని కుర్చీ లాక్కున్నాడు.

పదిహేను రోజులు భోజనాలయ్యాక ఇద్దరం కూర్చున్నాం. నాకంటే ముందు ఆయనే తప్పు చేసి, ఆయనే నవ్వేవాడు. ఆ నవ్వుతో నా భయం పోయింది. నేను గీసిన అంచు మగ్గమెక్కింది.

ఆయన రిటైరయ్యాక ఒకసారి పెనుకొండలో వాళ్లింటికి పోయాను. ఇద్దరం కలిసి నేర్చుకున్న సంగతి చెబితే వాళ్లావిడ ఆశ్చర్యపోయింది.

“అదేందమ్మా! మీ ఆఫీసులో అందరికీ దాన్ని మొదట నేర్పింది ఈయనే గదా!”

సారు తల వంచుకుని కాఫీ చల్లార్చుకుంటున్నాడు.