తొమ్మిదో విజిల్

ఇవాళ మధ్యాహ్నం బియ్యం, పెసరపప్పు కుక్కర్‌లో పెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మీటింగ్‌లో కూర్చుండిపోయాను. దేశంకాని దేశంలో, పార్సిప్పనీలో ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చి ఏడు నెలలైంది. డెలివరీ వాళ్లు తప్ప నా తలుపు కొట్టినవాళ్లు లేరు. అలాంటిది ఇవాళ ఎవరో, హెడ్‌ఫోన్స్ ఉన్నా వినపడేంతగా దబదబా బాదారు.

తీస్తే, కింది ఫ్లాట్‌లో ఒక్కరే ఉండే గుజరాతీ ఆంటీ. ఎదురుపడితే నవ్వడం తప్ప ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"తొమ్మిది విజిల్స్ వచ్చాయి బేటా. రోజూ నాలుగేగా. ఏమైందోనని పైకొచ్చాను," అన్నారు హిందీలో, ఆయాసపడుతూ.

పరిగెత్తి స్టవ్ ఆపేశాను. "రోజూ లెక్కపెడతారా ఆంటీ?"

"మా ఇంట్లో వేరే చప్పుడేముంది?"

అడుగంటిన నా ఖిచిడీ చూసి, కిందకెళ్లి గిన్నెడు కఢీ తెచ్చిచ్చారు. వీళ్ల మజ్జిగపులుసులో అంత బెల్లమేంటని ఎప్పుడూ వెక్కిరించే నేను, గిన్నె నాకేశాను.

మీ కుక్కర్ చప్పుడు ఎవరైనా వింటున్నారేమో, ఓసారి కనుక్కోండి.

అడుగు మాడినా, పైన మిగిలిన ఖిచిడీ రెండు రోజులకి సరిపడా ఫ్రిజ్‌లో ఉంది. అయినా రేపు మధ్యాహ్నం కుక్కర్ పెడతాను. నాలుగు విజిల్స్ రాగానే ఆపేస్తాను.