చిన్నత్త గదికి పోయే నడవ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాళ్లం ఇద్దరమే. ఒకరు మా చిన్నత్త, రెండోదాన్ని ఆమె దగ్గర నేర్చుకుంటున్న నేను. మా నాన్న గన్‌ఫౌండ్రీలో ఒక దఫ్తరులో గుమాస్తా. ఉర్దూలో ఆయనది ముత్యాల్లాంటి దస్తూరి. ఇంగ్లీషు కాగితం చేతికిస్తే మాత్రం తలకిందులుగా పట్టుకున్నానేమోనని అనుమానపడేవాడు.

చిన్నత్త మా నాన్నకు చెల్లెలు. ఆమెకు క్షయ. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మా ఇల్లు, ఆ ఇంట్లో నడవ చివరి గదిలో ఆమె మంచం. నన్ను గడప దాటనిచ్చేవారు కాదు. గడప ఇవతల పలక పట్టుకుని కూర్చుంటే ఆమె పడుకునే పాఠం చెప్పేది. పుస్తకాలేమీ లేవు. తలుపు, నడవ, వాకిలి, మిద్దె మీదికి మెట్లు, ఇవే మా పాఠాలు.

"తెలుగుల మెట్లెక్కితే మిద్దె వస్తది అంటం. ఎక్కెటానికి మనిషి కావాలె గద. ఇంగ్లీషుల గట్ల కాదు బిడ్డా. మెట్లే మిద్దె మీదికి తీస్కపోతయి. తలుపే వాకిట్లకు తెరుసుకుంటది. నేను లేవకున్నా అన్నీ నడుస్తయి" అని నవ్వేది. ఆ నవ్వు దగ్గులోకి దిగితే నేను పలక తుడుస్తున్నట్టు తల దించుకునేదాన్ని. అలా మాటల్లోనే ఇల్లంతా తిరిగి, ఆఖరున "ద పాసేజ్ లీడ్స్ టు మై రూమ్" అని రాయించేది. నడవ నా గదికి తీసుకొస్తుంది అని. ఆ వాక్యమంటే నాకు ప్రాణం.

అవి యుద్ధం రోజులు. ఊరి బయట క్షయ దవాఖానలో చేర్పిస్తే బతుకుతుందన్నారు డాక్టరు. నాన్న జీతం అందుకు చాలదు. ఇల్లు కిరాయికిచ్చి మేము చాదర్‌ఘాట్‌లో ఒక్క గదిలోకి మారాలని, ఆ కిరాయితో ఆమెను దవాఖానలో ఉంచాలని నిర్ణయమైంది. ఇళ్లు వెతుకుతున్నది రైల్వే ఆఫీసర్లు, అందుకని ప్రకటన ఇంగ్లీషులో ఉండాలి. క్షయ ఉన్న ఇల్లని తెలిస్తే ఎవరూ తొంగి కూడా చూడరు. చిన్నత్తే పడుకుని చెప్పింది, నేను రాశాను. చివర్లో నడవ సామాన్ల గదికి పోతుందని రాయమంది.

"అది నీ గది గద అత్తా" అన్నాను.

"ఎన్ని దినాల సంది సామాన్ లెక్కనే పడున్న. అబద్ధమేం కాదు, రాయి."

ముందు అరుగు మీద కూర్చుని దాన్ని మూడు కాగితాల మీద మంచి అక్షరాలతో ఎత్తిరాశాను. ఇల్లు పోతే చిన్నత్తను తీసుకుపోతారు. పదేళ్లదాన్ని, నాకు అర్థమైంది అంతే. మూడింటిలోనూ నడవ మా అత్త గదికి పోతుందని, ఆమెకు టీబీ అని రాశాను. నాన్న నా దస్తూరి చూసి మురిసిపోయి, అబిడ్స్‌లో మూడు షాపుల గోడలకు వాటిని అంటించి వచ్చాడు.

ఎవరూ రాలేదు. గోదాములు కూడా కిరాయికి పోతున్న రోజుల్లో మా ఇంటి వైపు ఒక్క మనిషి రాలేదు. నాన్న రోజూ సాయంత్రం అబిడ్స్ దాకా నడిచి, కాగితాలు ఉన్నాయో లేదో చూసి వచ్చేవాడు. నేను లోపల్లోపల సంతోషించాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి రాదు.

రెండు నెలలకు, వానకు ఊడిన ఒక కాగితాన్ని ఆయన ఇంటికి తెచ్చాడు. "చెల్లె, జర చూడు. ఏమన్న తప్పున్నదా?" అని ఆమెకిచ్చాడు. నేను గడప దగ్గరే ఉన్నాను. చిన్నత్త చదివింది. చాలాసేపు చదివింది. తలెత్తి నన్ను చూసింది.

"తప్పేం లేదన్నా. పిల్ల మంచిగనే రాసింది. తడిసింది గద, నేనే కొత్తవి రాసిస్త" అని కాగితాన్ని తలగడ కింద పెట్టుకుంది.

కొత్తవి ఆమే రాసింది. పాతవి పీకేసి, ఈసారి వేరే షాపుల్లో అంటించమని నాన్నకు చెప్పింది. వారం తిరక్కుండా ఇల్లు కుదిరింది. దవాఖానలో ఆమెను చూసిన డాక్టరు, రెండు నెలల ముందు తేవలసింది అన్నారట. ఆ మాట నాన్న ఏడుస్తూ అమ్మకు చెబుతుంటే విన్నాను. చిన్నత్త అక్కడ మూడు వారాలు కూడా బతకలేదు. దవాఖానకు వెళ్లే ముందు రోజు వరకు నాకు పాఠం చెప్పింది. ఆ కాగితం మాట ఎత్తలేదు. కోపం చూపలేదు. నడవ వంతు వచ్చేసరికి మాత్రం, ఇవ్వాళ్టికి చాలు బిడ్డా, అనేది.

నాన్న ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికాడు. తప్పు షాపుల్లో అంటించి చెల్లెను నేనే చంపుకున్న అని ఆఖరి దాకా కుమిలిపోయాడు. ఆయన మంచం పక్కనే కూర్చుని కూడా నేను నిజం చెప్పలేదు. చిన్నత్త ఆ రోజు నా కోసం ఊరుకుంది. నేను మా నాన్న ముందు నా కోసమే ఊరుకున్నాను. ఆమె చూపించింది ప్రేమ, నేను నేర్చుకున్నది నోరు మూసుకోవడం ఒక్కటే.