మరియమ్మ కోసం దుఖాన్ దాకా

ఖతర్ రాజధాని దోహాలో ఉండేవాళ్ళు దుఖాన్ వెళ్తే చమురు కంపెనీ పని మీద వెళ్తారు, లేదా సముద్రంలో మునగడానికి వెళ్తారు. మేం వెళ్ళింది మా తాతగారి నాయనమ్మ పరువు కోసం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకు మాత్రం బయల్దేరేదాకా అన్నం సయించలేదు.

ముందు అసలు సంగతి చెప్పాలి. మాది ధవళేశ్వరం. గోదావరి మీద ఆనకట్ట కట్టే రోజుల్లో ఇంగ్లండు పక్కనున్న వేల్స్ అనే దేశం నుంచి రాళ్ళు చెక్కే పనివాడొకడు వచ్చాడు. మా ఊరి మరియమ్మను చర్చిలో పెళ్ళాడాడు, మా ఊళ్ళోనే కన్నుమూశాడు. వాళ్ళ మనవడే మా తాతగారు. అయితే, "ఆ దొరకి వాళ్ళ దేశంలో పెళ్ళాం ఉంది, మరియమ్మని ఊరికే ఉంచుకున్నాడు" అని ఎవరో ఒక మాట పుట్టించారు. అది తరాలు మారినా మమ్మల్ని వదల్లేదు. నా పెళ్ళిచూపులకి వచ్చిన ఒక పెద్దమనిషి కూడా కాఫీ చప్పరిస్తూ ఆ మాటే అన్నాడు. ఆయన చేతిలో కప్పు లాక్కుని లోపలికి పోయాను. ఆ సంబంధం తప్పిపోయింది, పీడా విరగడైంది.

ఇక్కడ అల్ సద్‌లో ఒక క్లినిక్‌లో నర్సుని నేను. కిడ్నీలో రాయితో మా దగ్గర చేరిన, దుఖాన్ చమురు కంపెనీలో పనిచేసే గ్విలిమ్ అనే ముసలి ఇంజనీరు వేల్స్ వాడని తెలిసి, మందులిస్తూ మా కథంతా చెప్పేశాను. ఆయనకి పాత చర్చి రికార్డులు తిరగేయడమంటే పిచ్చి. "సెలవు మీద ఇంటికి వెళ్తున్నా. ఆయన పేరూ ఊరూ రాసివ్వు సిస్టర్" అన్నాడు. రాజమండ్రి చర్చిలో పెళ్ళి పుస్తకం మా నాన్న చూసి వచ్చారు కాబట్టి రెండూ నాకు తెలుసు. ఇంటిపేరు ఇవాన్, పేరు రీస్ అని శుభ్రంగా రాసిచ్చాను. సెలవు నుంచి తిరిగొచ్చి ఆయన దుఖాన్ నుంచి ఫోన్ చేశాడు. "మనిషి దొరికాడు. కానీ మా దేశంలోనే పెళ్ళయి ఉంది. మిగతాది ఫోన్లో వద్దు, మీరే రండి" అన్నాడు.

శుక్రవారం ఉదయం మదీనత్ ఖలీఫాలో ఒక విల్లాలో జరిగే తెలుగు ఆరాధన ముగించుకుని, తొమ్మిదిన్నరకి బయల్దేరాం. నేను, మా ఆయన, కారు నడపడానికి ఓబులేసు. అతనిది కడప వైపు, ఒక ఖతరీ ఇంట్లో డ్రైవరు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మంచివాడు, సెలవు రోజున పాత కారు వాడుకోనిస్తాడు. పెట్రోలు మాది, పులిహోర డబ్బా నాది.

ఊరు దాటాక ఇక చెప్పుకోవడానికేం లేదు, రాతి నేల, కరెంటు తీగలు, ఎండ. నేను ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే మా ఆయనకి తోచలేదు.

"ఎప్పుడో చచ్చిపోయినాయనకి పెళ్ళయితే నీకేంటే? నువ్వు నా పెళ్ళానివి కాకుండా పోతావా?"

"మీకేమండీ, మీ నాయనమ్మని ఎవడూ ఆ మాట అనలేదుగా" అన్నాను.

"ఊరకుండన్నా, అక్క ఏడ్చేట్టుగా ఉండాది" అని ఓబులేసు సర్దిచెప్పాడు.

అల్ షహానియా దగ్గర ఒంటెల మంద రోడ్డు దాటుతుంటే ఆగాం. వాటిని తోలుతున్న రాజస్థానీ మనిషి "యల్లా, యల్లా" అని అరుస్తున్నాడు గాని, అవి మాత్రం పెళ్ళివారిలా తీరిగ్గా నడిచాయి. అక్కడి మలయాళీ హోటల్లో చాయ్, పరాఠా దొరుకుతాయి. శుక్రవారం వెళ్ళేవాళ్ళు ముందే కానిచ్చేయండి, మధ్యాహ్నం నమాజు వేళకి దార్లో అన్నీ మూసేస్తారు. నేను చాయ్ మాత్రం తాగాను.

పదకొండు దాటాక దుఖాన్ చేరాం. కంపెనీ కాలనీ గేటు దగ్గర గ్విలిమ్ మా పేర్లు చెప్పి ఉంచాడు కాబట్టి ఇబ్బంది లేకుండా లోపలికి వదిలారు. ఒకే రంగు, ఒకే ఎత్తు ఇళ్ళు వరసగా ఉన్నాయి. ఓబులేసు సముద్రం చూసొస్తానని వెళ్ళాడు. ముసలాయన మమ్మల్ని కూర్చోబెట్టి, టీ, బిస్కెట్లు పెట్టి, బల్ల మీద కాగితాల కట్ట విప్పాడు. అన్నీ పాత పుస్తకాల కాపీలే.

"రీస్ ఇవాన్స్. ఇంటిపేరైతే ఇవాన్‌ని మేం ఇవాన్స్ అనే రాస్తాం. భార్యనీ ఇద్దరు పిల్లల్నీ వదిలేసి ఓడెక్కాడు. ఊరు అదే, కాలమూ అదే. చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది సిస్టర్."

దారంతా ఆటపట్టించిన మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. గ్విలిమ్ నన్ను మాటల్లో పెడదామని కాబోలు, మా వంశం వరస గీస్తానంటూ పెన్ను తీశాడు. ఏడుపు దిగమింగుకుని గడగడా చెప్పాను.

"పెళ్ళికి ముందు నేను ఇవాన్ సలోమి. మా నాన్న ఇవాన్ ప్రకాశం. తాత ఇవాన్ దేవదానం."

"అందరి పేరూ ఇవానేనా?"

"అది ఇంటిపేరండీ. మాకు ఇంటిపేరు ముందొస్తుంది, మనిషి పేరు తర్వాత."

"రాజమండ్రి పెళ్ళి పుస్తకంలో ఆయన పేరు ఎలా ఉంది?"

"ఇవాన్ రీస్ అనే ఉంది."

"అది రాసింది మీ వాళ్ళా?"

"కాదు, తెల్ల పాదిరి."

ఆయన పెన్ను బల్ల మీద పడేశాడు. "తెల్ల పాదిరి ఇంటిపేరు ముందెందుకు రాస్తాడమ్మా!"

ఓరి దేవుడా! నాకంటే ముందు మా ఆయనకి వెలిగింది, పకపకా నవ్వాడు. గ్విలిమ్ వివరంగా చెప్పాడు. వాళ్ళ కొండ ఊళ్ళలో అప్పటికి ఇంటిపేరు ఇంకా అందరికీ కుదురుకోలేదట. తన పేరు ముందు, తండ్రి పేరు వెనక పెట్టుకునేవారట. అంటే ఆయన పేరు ఇవాన్, తండ్రి పేరు రీస్. ధవళేశ్వరంలో మా పెద్దలు మన అలవాటు చొప్పున ముందున్న మాటని ఇంటిపేరు చేసి కూర్చున్నారు. నేనూ అదే రాసిచ్చాను, పాపం ఈయన సంబంధం లేని మనిషిని పట్టుకొచ్చాడు.

ముసలాయనా నేనూ కలిసి కట్టంతా మళ్ళీ మొదటినుంచి చూశాం. బాప్తిస్మాల్లో దొరికాడు, పలకరాతి గని పనివాడు రీస్ కొడుకు ఇవాన్. ఆ ఊరి పెళ్ళిళ్ళలో ఎక్కడా లేడు. ఓడెక్కే ముందు తీసిన జనాభా లెక్కలో తండ్రి ఇంట్లోనే ఉన్నాడు, పెళ్ళికానివాడని స్పష్టంగా ఉంది. ఇక చాలు, లేద్దామనుకుంటే ముసలాయన వదల్లేదు. ఆ ఊరి చాపెల్‌లో, అంటే చిన్న చర్చిలో, ప్రార్థించాల్సిన కుటుంబాల పేర్లు రాసుకునే పుస్తకం కూడా కాపీ తీయించాడట, ఇంకా చదవలేదట. వెల్ష్ భాషలో మెల్లగా చదువుకుంటూ పోతూ ఒకచోట ఆగాడు.

"ఈ మాట మా భాషది కాదు."

వంగి చూశాను. చేతిరాత వంకర టింకరగా ఉంది గాని, ఇంగ్లీషు అక్షరాలే కదా, కూడబలుక్కున్నాను. మరియమ్మ! అవును, మా మరియమ్మే. ముందూ వెనకా ఏముందో ఆయన మాట మాటకీ అర్థం చెప్పాడు: "రీస్ కోరిక మీద, గోదావరి ఒడ్డున ఉన్న అతని కొడుకు ఇవాన్, ఇవాన్ భార్య మరియమ్మ."

మామగారు కోడలి పేరు రాయించాడు! ఎన్నడూ చూడని కోడలి కోసం ఆ కొండ ఊరి జనం ప్రార్థన చేశారు. నేను బల్ల మీద తల పెట్టి భోరున ఏడ్చాను. ముసలాయన కంగారుపడి ఇంకో టీ పెట్టడానికి లేచాడు. ఆ కాగితం కాపీ నాకిచ్చాడు, మా పులిహోర మొత్తం ఆయనకిచ్చేశాను.

రెండున్నరకి తిరుగు ప్రయాణం. ఓబులేసుకి అంతా చెప్పేసరికి అల్ షహానియా వచ్చింది. "అత్తగారింటోళ్ళు పేరు రాయించుకునినారంటే ఇంకేం గావాలక్కా!" అని స్టీరింగు మీద చెయ్యేసి కొట్టాడు. ఆకలి అప్పుడు తెలిసింది, ఆగి రెండు పరాఠాలు తిన్నాను. పాత రికార్డులు వెతికే తెలుగువాళ్ళకి నేను చెప్పేదొకటే, మీ ఇంటి అలవాటుని ఇంకొకరి ఊరి పుస్తకం మీద రుద్దకండి. పొద్దున నోరు విప్పని నేను దోహా మేడలు కనిపించేదాకా మాట్లాడుతూనే ఉన్నాను.

"అయితే ఇక నుంచి నిన్ను దొరసానిగారూ అనాలేమో" అన్నాడు మా ఆయన.

"దొరా లేడు, దొరసానీ లేదు" అన్నాను. "రాళ్ళు కొట్టుకునే వాళ్ళింటి కోడలు మా మరియమ్మ. నన్ను ఆవిడ మనవరాలనండి, చాలు."