దొరసాని అడగని మాట

లక్ష్మీనర్సమ్మ దొరసాని కోటలాంటి తన గడి విడిచినప్పుడు వెంట తెచ్చుకున్నవి రెండు ట్రంకుపెట్టెలు, నాలుగు ఇత్తడి పళ్లాలు, తరగని పెద్దరికం. నర్సంపేట అవతల ఆమె ఊళ్లో కూలీల సంఘం లేచింది. ఇక వెట్టి చేసేది లేదని జనం గడి ముందు బైఠాయించారు. అప్పటిదాకా ఆ వాకిట్లో చెప్పులేసుకొని నడిచినవాడు లేడు. భర్త ఎన్నడో పోయాడు, పిల్లల్లేరు. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో ఆమె ఒక్కతే హన్మకొండలో అద్దె ఇంట్లో దిగింది.

ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు ఆమె. అట్లాగే ఊళ్లు విడిచిన దొరల కుటుంబాలు ఒకటొకటే హన్మకొండ చేరుతుంటే, బస్టాండులో మూటలతో దిక్కులు చూస్తున్నవాళ్లను ఇంటికి పట్టుకొచ్చేది. గేటు దగ్గరే అడిగేది: "తిన్నరా? పండుకోను జాగ ఉన్నదా?" ముందు అన్నం, తర్వాత అద్దె ఇల్లు, ఆ తర్వాత పిల్లలకు బడి. అన్నీ ఆమే తిరిగి కుదిర్చేది. "ఆ తల్లి లేకుంటే బజార్ల పడుదుము" అని అందరూ చెప్పుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడితే చాలు, ఆమె మెడ గడిలో ఉన్నప్పటికంటే నిటారుగా నిలిచేది. గడి పోయింది గానీ తాను మంచి మనిషినని తేలిందనుకుంది, పాపం.

ఒక పొద్దున చాకలి బక్కమ్మ వచ్చింది. గడిలో ఏళ్ల తరబడి బోళ్లు తోమి, కారం దంచి, కూలి అన్న మాటే ఎరగని మనిషి. చంకలో మూట, కాళ్ల నిండా దుమ్ము. చూడగానే దొరసానికి ప్రాణం లేచొచ్చింది.

"వచ్చినవానే బక్కీ! మంచిగ వచ్చినవ్. పెరట్ల బోళ్లు కుప్ప పడ్డయ్, పో."

బక్కమ్మ మూట గోడవార పెట్టి పెరట్లోకి నడిచింది.

నెల గడిచింది. ముందు గదిలో కొత్తగా దిగిన శకుంతల, పరకాల వైపు దొర కోడలు, ఒకనాడు భోజనాల దగ్గర అడిగింది: "ఈమె ఎవరత్తమ్మా?"

"మా గడి మనిషి. నన్నిడిసి ఉండలేక ఎన్కనే వచ్చింది" అంది దొరసాని గొప్పగా.

బక్కమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టింది. "గట్ల గాదు దొరసాని. మీరొచ్చినంక ఊర్ల నన్ను దొర మనిషన్నరు. బాయి కాడికి రానియ్యలె, ఉతక బట్టలియ్యలె. ఊరిడిసినోళ్లకు మీరు జాగ సూపిస్తున్నరని ఇని వచ్చిన."

"మరి వచ్చిన్నాడే చెప్పద్దానే?"

"మీరు అడగలె, దొరసాని."

అందులో కోపం లేదు, దెప్పు లేదు. ఉన్నమాట చెప్పింది. దొరసానికి సిగ్గుతో ఒళ్లంతా ముడుచుకుపోయింది. ముక్కూ మొహం తెలియనివాళ్లను బస్టాండులో పిలిచి పిలిచి అడిగిన నోరు, ఇన్నేళ్లు చాకిరీ చేసిన మనిషిని అడగలేకపోయింది. శకుంతల తల దించుకొని అన్నం కెలుకుతున్నది.

"ఇన్ని రోజులు ఏడ పండుకున్నవ్?" దొరసాని అడిగింది.

"పెరట్లనే, బొగ్గు బస్తాల పక్కపొంటి."

దొరసాని లేచింది. తన పళ్లెం కడిగి, తన చేత్తోనే అన్నం వడ్డించి పప్పు వేసింది. శకుంతల పక్కనే పీట వాల్చింది. "కూసో బక్కమ్మా. రేపే నీకు పండుకోను ఒక అర్ర సూస్త, ఫికర్ జెయ్యకు." ఆ పేరు ఆమె నోట పూర్తిగా రావడం అదే మొదలు. బక్కమ్మ భయపడుతూ పీట అంచున కూర్చుంది. దొరసాని గుండె కాస్త తేలికపడింది.

అప్పుడే గేటు చప్పుడైంది. మూటలతో ఇంకో దొర కుటుంబం, తల్లి చంకలో ఏడుస్తున్న పిల్లవాడు.

"తిన్నరా? పండుకోను జాగ ఉన్నదా?" దొరసాని ఎదురెళ్లింది.

"పొద్దటి సంది పిలగాడు ఏం తినలే అక్కా" అంది ఆ తల్లి.

బక్కమ్మ ఇంకా చెయ్యి పెట్టని పళ్లేన్ని ఎత్తి తెచ్చి పిల్లవాడి ముందు పెట్టింది.

"మంచి పని చేసినవ్. జర నీళ్లు గూడ తే, బక్కీ."

అన్నాక గానీ ఆ మాట దొరసాని చెవికెక్కలేదు. నాలుక కరుచుకుంది. వెనక్కి పిలుద్దామని చూసింది. పీట ఖాళీగా ఉంది. బక్కమ్మ అప్పటికే చెంబు పట్టుకొని పోయింది.