గోదాట్లో కలిపేసిన ముక్క కోసం రాజమండ్రి వెళ్లొచ్చాను

ఒరేయ్ ప్రసాదూ, ఎలా ఉన్నావు? మీ అన్నయ్యకి గడ్డ తీసే ఆపరేషన్ అంటున్నారని, ముందుగా ఏం జాగ్రత్తలు తీసుకోవాలని అడుగుతూ నువ్వు మెసేజ్ పెట్టి మూడు వారాలు దాటింది. నేను "చెప్తా ఆగు" అని ఒక్క మాట కొట్టి ఊరుకున్నాను. క్షమించు. పెళ్లిళ్ల సీజన్, కొట్లో ఊపిరాడలేదని చెప్పొచ్చు గానీ అది అబద్ధం. నువ్వు అడిగినదానికి జవాబు చెప్పాలంటే ముందు నేను చేసిన పొరపాటు చెప్పుకోవాలి. ఫోన్‌లో అయితే మధ్యలోనే మాట మార్చేస్తానని, అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నాను. ఇదే పని మీద రాజమండ్రి బయల్దేరేవాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లకీ పనికొస్తుంది. సత్యవతిని అడిగాకే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. నాది పాలకొల్లులో చిన్న మ్యాచింగ్ సెంటర్. లైనింగులు, ఫాల్సులు, జాకెట్టు ముక్కలు అమ్ముతాను. సత్యవతి నా భార్య. ఆమె ఎడమ అరికాల్లో నల్లటి మచ్చ ఒకటి లేచింది. ఆనెకాయ అనుకుని మందుల షాపులో పట్టీలు కొని ఏడాదిపాటు అంటించాం. తీరా అది చర్మానికొచ్చే క్యాన్సర్, మెలనోమా అని తేలింది. రాజమండ్రిలో ఆపరేషన్ చేసి మడమ దగ్గర ముక్కా, గజ్జల్లో ఒక గడ్డా తీశారు. ఇది జరిగి ఏడాదిన్నర అయింది. అప్పుడు ల్యాబ్ వాళ్లు రిపోర్టుతోపాటు చిన్న కవరు ఇచ్చారు. అందులో రెండు బుల్లి ప్లాస్టిక్ పెట్టెలు, వాటిలో మైనం, ఆ మైనం మధ్యలో సత్యవతి ఒంట్లోంచి తీసిన ముక్కలు. వాటిని బ్లాకులు అంటారట. "జాగ్రత్తగా దాచుకోండి" అన్నారు.

సత్యవతి ఆ కవరుని గుమ్మం దాటనివ్వలేదు. "కోసి పారేయించుకున్నదాన్ని మళ్లీ ఇంట్లో పెట్టుకుని చూసుకుంటామాండీ? గోదాట్లో కలిపేసి రండి" అంది. నాకూ అదే సబబనిపించింది. మర్నాడే రాజమండ్రి వెళ్లి, పసుపు గుడ్డలో చుట్టి, పుష్కర ఘాట్‌లో మూడు మెట్లు దిగి వదిలేశాను. ఇంటికొచ్చి తలస్నానం చేశాను. చాన్నాళ్ల తర్వాత ఆ పూట ఇద్దరం కడుపునిండా తిన్నాం.

ఈ మధ్య నువ్వొక వీడియో పంపావు. క్యాన్సర్‌కి టీకా వచ్చేసిందని, ఎంఆర్ఎన్ఏ పద్ధతిలో ఎవరి గడ్డను బట్టి వాళ్లకి విడిగా తయారుచేస్తారని, మెలనోమా వాళ్ల మీద ముందుగా చూస్తున్నారని. నాలుగుసార్లు చూశాను. తయారుచేయాలంటే ఆ గడ్డ ముక్క కావాలట. ఆ ముక్కని నా చేత్తో నేనే నీళ్లలో వదిలేశాను కదరా. ల్యాబ్‌లో ఇంకేమైనా మిగిలిందేమో అడుగుదామని బయల్దేరాను. లైనింగు గుడ్డ కోసం వెళ్తున్నానని సత్యవతికి చెప్పాను. ఆ ముక్క పేరెత్తితే ఆమె మొహం మాడిపోతుంది. అందుకే ఏడాదిగా మా ఇంట్లో దాని మాట లేదు.

పాలకొల్లు కాంప్లెక్స్‌లో పొద్దున్న పావు తక్కువ ఆరుకి బస్సు ఎక్కాను. ఆడవాళ్లకి టికెట్టు లేదు కాబట్టి సీటు కావాలంటే పదిహేను నిమిషాలు ముందే వెళ్లాలి. మార్టేరు, పెనుగొండ, సిద్ధాంతం వంతెన, రావులపాలెం, జొన్నాడ మీదుగా రెండున్నర గంటల పైన పడుతుంది. పక్క సీట్లో చేపలమ్ముకునే పెద్దావిడ కూర్చుంది. నేను ఫోన్‌లో ఆ వీడియో మళ్లీ పెట్టుకుంటే తొంగి చూసింది.

"క్యాన్సర్‌కి టీకానా బాబూ? మా ఊరి ఆసుపత్రిలో ఎప్పుడేస్తారంట?"

"అది అందరికీ వేసేది కాదండీ."

"డబ్బున్నోళ్లకేనా?"

"జబ్బొచ్చినోళ్లకండీ."

"జబ్బొచ్చాక ఏసేదాన్ని టీకా అంటారేంటి? ఇడ్డూరం కాపోతేను!"

ఫోన్ ఆపి కిటికీలోంచి బయటికి చూశాను. కడియపులంక దగ్గర రోడ్డు పక్కన నర్సరీల్లో మొక్కలకి నీళ్లు కొడుతున్నారు. ఆపరేషన్‌కి వెళ్తున్నప్పుడు ఇక్కడే సత్యవతి ఒక చామంతి కుండీ చూపించి, వచ్చేటప్పుడు కొందామంది. ఈసారి కిటికీ పక్క సీటు నాదే. చూపించడానికి ఎవరూ లేరు.

ఎనిమిదిన్నరకి దిగాను. కాంప్లెక్స్ ఎదురుగా షేర్ ఆటోలుంటాయి, దానవాయిపేటకి ఇరవై ఇస్తే చాలు. "హాస్పిటల్ పనేనాండీ? పేషెంట్ ఏరీ?" అన్నాడు ఆటో అతను. రాలేదన్నాను. ల్యాబ్ గేటు దగ్గర వాచ్‌మన్ కూడా అదే అడిగాడు. లోపల టెక్నీషియన్ అప్పారావు గారూ అదే అడిగారు. యాభై దాటిన మనిషి, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని రిజిస్టరు తిప్పారు.

"పేషెంట్ ఏరండీ?"

"నేనొక్కడినే వచ్చానండీ."

"బ్లాకులు మీకే ఇచ్చేశాం కదండీ. ఇదిగో మీ సంతకం."

"ఇచ్చారండీ. గోదాట్లో కలిపేశాను."

ఆయన కళ్లజోడు తీసేశారు. "అస్థికల్లాగాండీ?"

"అలాగేనండీ."

నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. "ఇలా చేసినవాళ్లలో మీరు మూడో మనిషండీ. ఒకాయన పొయ్యిలో పడేశాడు, ఒకావిడ కొబ్బరి చెట్టు మొదట్లో పాతిపెట్టింది. మేం దాచుకోమంటాం గానీ ఎందుకో చెప్పం. కూర్చోండి, వెతికి చూస్తాను" అని లోపలికి వెళ్లారు. గంట తర్వాత వచ్చారు. "అరికాలివి రెండూ మీతోనే పోయాయండీ. గజ్జల గడ్డది ఒకటి మా దగ్గరుంది."

ప్రసాదూ, ఆ బల్ల మీద తల పెట్టి ఏడ్చేశాను. ఎవరికైనా ఫోన్ చేసి చెప్పాలనిపించింది. ఫోన్ తీశాను. చేయాల్సిన మనిషి సత్యవతి. లైనింగు గుడ్డ దొరికిందని ఎలా చెప్పను? మళ్లీ జేబులో పెట్టేసుకున్నాను.

సత్యవతికి వైద్యం చేసిన డాక్టరు గారిని కలవడానికి నాలుగింటికి టోకెన్ ఇచ్చారు. మధ్యాహ్నం ఒక మెస్‌లో నూట ఇరవైకి భోజనం చేశాను. వడ్డించే ఆవిడ "ఇంకెవరైనా వస్తారాండీ, ఆకు వేయనా?" అని అడిగింది. తిని ఘాట్‌కి నడిచాను. నేను వదిలిన చోటే ఒకతను తాడుకి అయస్కాంతం కట్టి నీళ్లలో చిల్లర నాణేలు వెతుకుతున్నాడు. కాసేపు పక్కన నిలబడ్డాను.

"ఏమన్నా పడేసుకున్నారేంటండీ?"

"మైనం బిళ్లలు రెండు. ఏడాది పైనైంది."

"మైనమాండీ? నా అయస్కాంతానికి తగలదండీ. అయినా మైనం మునగదు కదండీ, తేలుకుంటా మీ ఊరే వచ్చేసుంటాది. ఏ ఊరండీ మీది?"

"పాలకొల్లు."

"ఆయ్, ఇక్కడిదాకా ఎందుకొచ్చారండీ మరి!" అని పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజంతటిలో నవ్వింది అదొక్కసారే.

డాక్టరు గారు నాకంటే చిన్నావిడ. నా కథంతా విని, "ఆ వీడియోలో చెప్పింది పూర్తి అబద్ధం కాదండీ, పూర్తి నిజమూ కాదు" అన్నారు. గడ్డ ముక్కనీ, మనిషి రక్తాన్నీ పక్కపక్కన పెట్టి, గడ్డలో మాత్రమే ఉన్న తేడాలు పట్టుకుంటారట. ఆ తేడాలు ఒంటికి చూపించే మందు తయారుచేస్తారట. ఒంట్లో ఎక్కడైనా మిగిలిన క్యాన్సర్ కణాలుంటే మన ఒళ్లే గుర్తుపట్టి కొడుతుందట.

"అంటే ఆది జాకెట్టు లాగా అన్నమాట" అన్నాను. కొలతకి పాత జాకెట్టు ఇస్తేనే కదా టైలరు ఆ మనిషికి సరిపోయేలా కుట్టేది.

ఆవిడ నవ్వారు. "సరిగ్గా అంతే. ఒకరిది ఇంకొకరికి సరిపోదు. కుట్టడానికి వారాలు పడుతుంది. ఇంకో సంగతి, ఇంకా కుట్టడం నేర్చుకుంటున్నారండీ. పరీక్షల్లో మెలనోమా కొందరిలో తిరగబెట్టడం తగ్గినట్టు కనబడింది. అది నిజమైన ఆశే. కానీ ఆపరేషన్ అయిన కొత్తలో, ఇంకో మందుతో కలిపి ఇచ్చి చూస్తున్నారు. సత్యవతి గారికి ఆ సమయం దాటిపోయింది. పైగా అరికాలి మచ్చల్లో మామూలుగా తేడాలు తక్కువుంటాయి. ఆది ఉన్నా కొలత సరిగ్గా దొరక్కపోవచ్చు. మీ కోసం నేను రాసివ్వగలిగింది ఈ రోజుకి లేదు."

"అయితే నేను గోదాట్లో కలపబట్టే..."

"కాదండీ. అవి ఉన్నా ఇదే చెప్పేదాన్ని. ఒకవేళ జబ్బు తిరగబెడితే ఏ మందు పనిచేస్తుందో చూడ్డానికి ఆ మిగిలిన బ్లాకు పనికొస్తుంది." ఆవిడ కంప్యూటరు వైపు తిరిగారు. "మూడు నెలలకోసారి రమ్మన్నాను కదా, మొదటి రెండుసార్లు వచ్చారు. తర్వాత రాలేదేంటి?"

గోదాట్లో కలిపేశాం కదరా. కలిపేసినదాని కోసం మళ్లీ ఆసుపత్రికి ఎవరు వెళ్తారు? కుట్లు చూపించడానికి రెండుసార్లు వెళ్లాం. కుట్లు మానాయి, ఆగిపోయాం. పోగొట్టుకున్న ముక్క గురించి పొద్దున్నించీ కుమిలిపోయాను గానీ, చూపించుకోకుండా పోయిన ఆ నెలల సంగతి నాకు తట్టనే లేదు.

ఐదున్నర బస్సుకి నిలబడే వచ్చాను. ఎనిమిది దాటాక ఇంట్లో అడుగుపెట్టాను. చేతిలో సంచీ లేకపోవడం సత్యవతి చూసింది.

"గుడ్డ దొరకలేదాండీ?"

అప్పుడు చెప్పేశాను. ల్యాబ్, బ్లాకు, డాక్టరు గారు, అన్నీ. కోపగించుకుంటుందనుకున్నాను. ఆమె చీర చెంగు చేతిలో నలుపుతూ నా పక్కన కూర్చుంది.

"నేను రోజూ స్నానం చేసేటప్పుడు గజ్జల్లో తడుముకుంటూనే ఉన్నానండీ" అంది. "ఏమీ తగల్లేదు. తగలడం లేదని కూడా మీకు చెప్పలేదు. చెప్తే మీరూ తడుముకోవడం మొదలెడతారని."

ఏడాదిగా ఒకే ఇంట్లో, ఒకే భయాన్ని చెరో గదిలో దాచుకున్నాం ప్రసాదూ. ఎవరి భయం వాళ్లకే కుట్టించుకున్నట్టు. ఆ మందు ఎప్పటికైనా చాలామందికి అందుతుందని నాకు నమ్మకం కుదిరింది. ఆ డాక్టరు గారు నా దగ్గర ఏమీ దాచకుండా చెప్పారు కాబట్టే కుదిరింది. ఈలోగా మా చేతిలో ఉన్నది తేదీ తప్పకుండా వెళ్లి చూపించుకోవడం ఒక్కటే. వచ్చే మంగళవారం స్కాన్‌కి రాయించుకున్నాను. సత్యవతి వస్తానంది.

నీకూ, చదివేవాళ్లకీ ఒక్కటే సలహా. ఆపరేషన్‌కి ముందే డాక్టరు గారిని "తీసిన ముక్కతో తర్వాత అవసరముంటుందా, ఎలా దాచాలి?" అని అడిగేయండి. బ్లాకులు ల్యాబ్‌లోనే ఉంచమని చెప్పి, వాటి నంబరు రిపోర్టు వెనక రాయించుకోండి. వేరే ఆసుపత్రి అడిగినప్పుడే బయటికి తీయండి.

మంగళవారం సత్యవతిని స్కాన్‌కి లోపలికి తీసుకెళ్లాక బయట బెంచీ మీద మళ్లీ ఒక్కడినే కూర్చోవాలంటే గుబులుగా ఉందిరా. మీ అన్నయ్య ఆపరేషన్ ఏ రోజు పెట్టారో చెప్పు, అక్కడ నీ పక్కన కూర్చోవడానికి నేనొస్తాను. ముందు నువ్వు చెప్పు, మనం ఎప్పుడు కలుద్దాం?