కార్డులో మొహం

కత్తెర పిన్నికి ఆ పేరు మెడలో వేలాడే కత్తెర వల్ల వచ్చిందని కొత్తవాళ్లు అనుకుంటారు. అది ఆమె నాలుకకు పెట్టిన పేరని పాతవాళ్లకు తెలుసు. నిజానికి ఆ కత్తెరకు పెద్ద పనేమీ ఉండేది కాదు. మూడంతస్తుల మేడ మెట్ల కింద కుట్టుమిషను వేసుకుని ముప్పై ఒక్క ఏళ్లు కూర్చున్న మనిషి, దారం ఎప్పుడూ పళ్లతోనే కొరికింది. కత్తెర అందుకుని, తెంపి, మళ్లీ వదిలేలోపు ఇంకో గుండీ కుట్టెయ్యొచ్చు అనేది.

అలా కొరికీ కొరికీ ముందుపళ్లకు దారం పట్టేంత గాడి పడింది. తర్వాత అవి కదిలాయి. వెనకవాటికీ చోటు వదలాలనిపించిందేమో, ఒక్కొక్కటే ఊగడం మొదలుపెట్టాయి. చివరికి పళ్ల డాక్టరు మొత్తం పీకేసి, చిగుళ్లు గట్టిపడేదాకా నాలుగు నెలలు ఆగమన్నాడు. సరిగ్గా ఆ నాలుగు నెలల్లోనే ఓటరు కార్డుల ఫోటోలవాళ్లు దిగారు. ఇకమీదట ఫోటో కార్డు లేనిదే ఓటు లేదట. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంటే, "కొంగు తియ్యమ్మా" అన్నాడు ఫోటో తీసేవాడు. తీసింది. కార్డు వచ్చింది. బుగ్గలు లోపలికి పోయి, ముక్కూ గడ్డమూ ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నట్టున్న ఆ మొహాన్ని ఒక్కసారే చూసింది. కార్డును దారపుండల సొరుగులో అడుక్కి తోసేసింది.

పెట్టుడు పళ్లు వచ్చాక పిన్ని వయసు పదేళ్లు వెనక్కి నడిచింది. అవి తీసిన మొహాన్ని మాత్రం కోడలికి కూడా చూపించలేదు. వాటిని కడుక్కోవాలంటే గది తలుపు గడియ పెట్టుకునేది.

ఈసారి ఓటు ఆమెకు ఊరికే వేసే ఓటు కాదు. ఎన్నికల్లో నిలబడ్డ ఒక పెద్దమనిషి, తను గెలిస్తే మెట్ల కింద బతికేవాళ్లందరినీ లేపేసి అక్కడ కార్లు పెట్టిస్తానని మైకులో చెప్పాడు.

"నేను కూర్చున్న చోట కారు కూర్చుంటుందట," అంది పిన్ని కోడలితో. "రాయి వేస్తే పోలీసులొస్తారు. అందుకని అవతలివాడికి ఓటేస్తా."

పోలింగు రోజు ఇస్త్రీ చీర కట్టుకుని, కోడలిని వెంటబెట్టుకుని, స్కూలు గదిలో వరసలో నిలబడింది. ఆమె వంతు వచ్చింది. బల్ల వెనక కళ్లజోడు ఆఫీసరు కార్డు చూశాడు, ఆమెను చూశాడు, మళ్లీ కార్డు చూశాడు.

"ఇది మీ అమ్మగారి కార్డా అండీ?"

ఆ మాటకు పిన్ని లోపల కాస్త మురిసిన సంగతి అబద్ధం కాదు. మురిపెం ఒక్క క్షణమే ఉంది.

"మా అమ్మ పోయి ఇరవై ఏళ్లయింది బాబూ. ఆవిడే ఓటుకొస్తే నువ్వింకా ఆ కుర్చీలో ఉండేవాడివా?"

వరసంతా నవ్వింది. ఆఫీసరు నవ్వలేదు. "మొహం కలవాలమ్మా, అది రూలు. ఇంట్లోవాళ్ల మాట చెల్లదు. ఏజెంట్లలో ఎవరైనా మిమ్మల్ని ఎరుగుదుమని చెప్పాలి."

ఏజెంట్లు ఇద్దరు. పిన్ని ఓటేద్దామనుకున్నవాడి తరఫున కూర్చున్నతను వేరే వీధి నుంచి తెచ్చిన కొత్తవాడు. రెండోవాడు ఇనుప సామాన్ల కొట్టు గుమాస్తా, మీసాలాయన. కార్లు పెట్టిస్తానన్న పెద్దమనిషి వెంట తిరగడం మొదలెట్టాక పెంచిన మీసం అది.

"చెప్పు తమ్ముడూ," అంది పిన్ని.

ఆయన కాగితాల్లోకి తల దించాడు. "ఊళ్లో ఇలాంటివాళ్లు చాలామంది ఉంటారండీ. కచ్చితంగా చెప్పలేను."

"చెప్పలేవా? ఇప్పుడు నువ్వు వేసుకుని కూర్చున్న ఆ ప్యాంటు పోయిన నెల రెండంగుళాలు వదులు చేసిందెవరు? ఇంకోటి కూడా బిగుతేనని తెచ్చిచ్చావు, నా మిషను మీదే ఉంది. నీ పొట్ట నాకు గుర్తుంది, నా మొహం నీకు గుర్తులేదా?"

మీసాలాయన కుర్చీని బల్ల కిందికి ఇంకాస్త జరుపుకున్నాడు. ఫోటో ఉన్న కాగితం ఇంకేదైనా తెచ్చుకోమన్నాడు ఆఫీసరు. అలాంటిది ఆమె దగ్గర లేదు. కోడలు చెయ్యి పట్టుకుని లాగింది.

"పదండత్తయ్యా, పోదాం. ఒక్క ఓటేగా."

"ఉన్నదే ఒక్కటి," అంది పిన్ని, చెయ్యి విడిపించుకుని.

ఆమె గది చుట్టూ చూసింది. వెనక వరసలో సగం మంది ఆమె కుట్టిన బట్టల్లోనే ఉన్నారు. కొంగుకోసం చెయ్యి పైకి లేచింది, మధ్యలో ఆగింది. ఆ చేత్తోనే పైపళ్లూ కిందిపళ్లూ తీసి, ఆఫీసరు ముందున్న ఓటర్ల జాబితా మీద పెట్టింది.

"ఇప్పుడు షూడు బాబూ. కార్డు షూడు, నన్ను షూడు."

ఎవరూ నవ్వలేదు. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు.

"సరిపోయిందమ్మా. వేసుకోండి, వేసుకోండి."

"ఓటేశాకే వేషుకుంటా. ఈలోగా మళ్లీ మొహం మారిందంటే?"

వేలికి సిరా పూయించుకుని, బ్యాలెట్ కాగితం అందుకుని, కొంగు భుజం మీదే ఉంచి, బోసినోటితో అట్టల చాటుకు నడిచింది. ఆమె తిరిగొచ్చేదాకా ఆ పళ్లు మీసాలాయన ఎదురుగానే ఉన్నాయి. వాటిని చూడకుండా ఉండటానికి ఆయన పైకప్పు చూశాడు.

మర్నాడు, ఇంకా లెక్కింపు కాకముందే, ఆయన మెట్ల దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నా ప్యాంటు అయిందా?"

పిన్ని మిషను ఆపలేదు. "ఎవరు బాబూ నువ్వు?"

"అదేంటక్కా, వేళాకోళమా?"

"ఊళ్లో ఇలాంటివాళ్లు చాలామంది ఉంటారు. కచ్చితంగా చెప్పలేను. కార్డుందా?"

నవ్వుతూనే జేబులోంచి కార్డు తీసిచ్చాడు. పిన్ని దాన్ని వెలుతురులోకి వంచి, నిదానంగా, ఆఫీసరు చూసినట్టే చూసింది. తర్వాత ఆయన్ని చూసింది. మళ్లీ కార్డు చూసింది.

"ఇందులో మీసం లేదే?"

పక్కన గుండీలు కుడుతున్న కోడలికి సూది గుచ్చుకుంది, నవ్వాపుకోలేక. పిన్ని మెడలోంచి కత్తెర తీసి, మడతపెట్టిన ప్యాంటు మీద ఉంచి, ఆయన వైపు జరిపింది.

"నా పళ్లు నేను తీశాను తమ్ముడూ. ఇక నీ ఇష్టం."

మీసాలాయన అరచేత్తో మూతి కప్పుకుని నిలబడ్డాడు. పిన్ని మళ్లీ మిషను తొక్కింది.