కళాయి పోయిన గిన్నె

ఒక మాటను ఇన్నేళ్లు మోశాను. మోయలేక మోశానంటే అబద్ధం. చాలాకాలం అది ఉన్నట్టే అనిపించలేదు. వంటలు చేశాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను, నవ్వాల్సిన చోట నవ్వాను. ఎవరైనా ఇత్తడి గిన్నె కింద పెట్టిన చప్పుడు వినబడితే మాత్రం చేతిలో పని ఆగిపోయేది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నిజాం రాజ్యం ఇంకా ఉన్న రోజులు. ఇబ్రహీంపట్నంలో మాది సేద్యపు ఇల్లు, పెద్ద చెరువు కింద పొలం. ఇంట్లో మా అత్త, ఆమె ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లం. నేను చిన్న కోడలిని. పెద్ద కోడలిని అక్కా అని పిలిచేదాన్ని, ఇక్కడా అలాగే రాస్తాను. అక్కకు పిల్లలు కలగలేదు. నాకు కొడుకు పుట్టాడు. అత్త దృష్టిలో మా ఇద్దరికీ తేడా అదొక్కటే, అది చాలు.

వాడికి మూడో ఏడు నడుస్తుండగా కడుపునొప్పి మొదలైంది. పొద్దున చద్దన్నం తిని ఆడుకోవడానికి పోయినవాడు కాసేపటికే కడుపు పట్టుకుని ఏడుస్తూ వచ్చేవాడు. వాంతులు, విరేచనాలు. చద్ది మానిపించి కుండలో కాచిన గంజి పట్టేవాళ్లం. నాలుగు రోజులకు లేచి తిరిగేవాడు. తేరుకున్నాడు కదా అని మళ్లీ చద్ది పెట్టేదాన్ని. మళ్లీ పడిపోయేవాడు. ఇలా వరసగా రాస్తే ఎవరికైనా అర్థమైపోతుంది. అప్పుడు ఇంటిల్లిపాదికీ అర్థం కాలేదు. దిష్టి తీశారు. నులిపురుగులని వేపాకు రసం పోశారు. వైద్యుడు పొట్లాలిచ్చాడు, హకీం సాబు చూర్ణమిచ్చాడు. ఏదిచ్చినా నాలుగు రోజులు బాగుండేవాడు. ఆ నాలుగు రోజుల ఘనత ఇచ్చినవాళ్లకు దక్కేది. తర్వాత మళ్లీ మామూలే. పిల్లవాడి కాళ్లూ చేతులూ పుల్లల్లా అయిపోయాయి. వాడు దక్కడని అత్త పక్కింటివాళ్లతో అనడం విన్నాను. ఆ రోజు దొడ్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అది నిజమైన ఏడుపే. తర్వాత నేను చేసినదానికి అది అడ్డం రాలేదు.

ఇక గిన్నె సంగతి. వాడికి మొదటిసారి అన్నం ముట్టించిన నాడు మా అన్న తెచ్చిన ఇత్తడి గిన్నె అది. ఇత్తడి గిన్నెకు లోపల తెల్లటి కళాయి పూత ఉండాలి. పూత పోయినదాంట్లో పులుపు పెడితే చిలుము పట్టి విషమవుతుంది. ఇది తెలియని ఆడది మా వైపు లేదు, నాకూ తెలుసు. ఏటా కళాయి పోసేవాడు వచ్చి వాడకట్టులో కొలిమి పెడితే అందరి గిన్నెలూ అక్కడ కుప్పపడేవి. ఒక ఏడు ఆ కుప్పలో మా పుట్టింటి చెంబు మారిపోయింది. దాని బదులు సొట్టలు పడ్డ ఇంకెవరి చెంబో వచ్చింది. అలిగి అన్నం మానేశాను. ఆ తర్వాత అన్న ఇచ్చిన గిన్నెను కుప్పలో వేయడానికి నా మనసొప్పలేదు. కళాయి వాడు వచ్చినప్పుడల్లా బట్టల పెట్టెలో దాచేదాన్ని. రోజూ చింతపండు, బూడిద పెట్టి తోమేదాన్ని. లోపలి తెలుపు అరిగి పసుపు బయటపడుతుంటే గిన్నెకు మెరుగొచ్చిందని మురిసిపోయాను. రోజూ మిగిలిన అన్నంలో పుల్ల మజ్జిగ పోసి, తెల్లారి వాడికి పెట్టడానికి అందులోనే మూతపెట్టి ఉంచేదాన్ని.

ఒకనాడు అక్క ఆ గిన్నెను వెలుతురులోకి పట్టి చూసింది.

“చెల్లే, దీనికి కళాయి పోయినట్టున్నది. పిలగానికి దీంట్ల సద్ది వెయ్యకు” అన్నది.

నేను గిన్నె లాక్కున్నాను. నా పుట్టింటి వస్తువు మీద ఆమె కన్నుపడిందనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా? లేక పిల్లలు లేని మనిషి నాకు బిడ్డను పెంచడం నేర్పుతోందని మండిపడ్డానా? రెండోదే అయి ఉంటుంది.

ఆ తర్వాత అత్త, మందు కక్కించేవాణ్ని పిలిపించింది. గిట్టనివాళ్లు అన్నంలో రహస్యంగా మందు కలిపి పెడతారని, అది కడుపులో ఉండిపోయి మనిషిని తింటుందని మావాళ్ల నమ్మకం. దాన్ని కక్కించడానికి మనుషులుండేవారు. అతను వచ్చేసరికి పిల్లవాడు చద్ది తిని ఉన్నాడు. ఏదో పసరు తాగించి, వాకిట్లో కక్కించాడు. వాంతి పచ్చగా వచ్చింది. అతను పుల్లతో దాన్ని కదిపి చూపించాడు. “గిదే. ఒక్క పొయ్యి కాడ తినేటోళ్లే పెట్టిండ్రు” అన్నాడు. అత్త ఎవరి వైపూ చూడలేదు. చూడాల్సిన పని లేకపోయింది. మర్నాటి నుంచి అక్కను వంటింట్లోకి రానివ్వలేదు, పిల్లవాణ్ని ఎత్తుకోనివ్వలేదు. వాడు పెద్దమ్మా అని ఆమె దగ్గరికి పోబోతే అత్త రెక్క పట్టి లాగేది.

మా ఆయనకు ఈ మందుల మాట సగమే నమ్మకం. పట్నంలో పెద్ద దవాఖానలో చూపిద్దామని సవారి బండి కట్టించాడు. అక్కడి డాక్టరు ముసలాయన. వచ్చీరాని తెలుగులోనే నాతో మాట్లాడాడు. పిల్లవాడి కడుపు నొక్కి చూశాడు, ఎప్పుడు నొప్పి వస్తుందో, ఏ రంగు కక్కుతాడో అడిగాడు. చెప్పాను. ఆయన ఇంకొకటి అడిగాడు.

“ఏ బర్తన్‌ల తింటడు?”

“ఇత్తడి గిన్నెల.”

“కళాయి లేని బర్తన్‌ల పుల్లటిది పెడితే జహరైతది. గిట్లనే కడుపు గుంజుతది, గిట్లనే పచ్చగ కక్కుతరు. ఆ గిన్నెకు కళాయి ఉన్నదా?”

మా ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు.

“ఉన్నది” అన్నాను.

“మంచిగ చూసి చెప్పు.”

“ఉన్నది సాబ్. మొన్ననే పోపిచ్చినం.”

ఆయన తల ఊపాడు. అయితే అది కాదన్నాడు. ఏదో సీసా ఇచ్చాడు.

ఎందుకలా అన్నాను? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. మొగుడి ముందు చేతగాని ఇల్లాలిననిపించుకోవడం ఇష్టం లేక అన్నానని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. అదీ ఉంది. కానీ ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది అక్క మాట. లేదని చెబితే ఆమె చెప్పిందే నిజమవుతుంది. ఆమె చెప్పగా నేను వినలేదని తేలుతుంది. కన్నబిడ్డ ఒళ్లో నొప్పితో ముడుచుకుపోయి ఉండగా నేను ఆలోచించింది ఇది. నా బిడ్డ రోగమేమిటో తెలుసుకోవడానికి అంత దూరం పోయి, తెలిసిన క్షణంలోనే దాన్ని దాచేశాను.

ఇంటికి రాగానే గిన్నె తీసి చూశాను. మూత అంచు కింద చిలుము. తోమి, పెట్టె అడుగున బట్టల కింద పెట్టాను. చద్ది మట్టి గురిగిలో వేయడం మొదలుపెట్టాను. ఎవరూ అడగలేదు.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. అక్క ఇంకా ఇంట్లోనే ఉంది. కొన్నాళ్లకు, ఆమెను తీసుకుపొమ్మని అత్త కబురు పంపితే అక్క తమ్ముడు అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి బండి తోలుకొచ్చాడు. బావ పొలం దగ్గరే ఉండిపోయాడు. అక్క చిన్న మూట పట్టుకుని గడప దగ్గర ఆగి నా వైపు చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. గిన్నె మాట తను ఎత్తలేదు. ఎత్తినా ఆ ఇంట్లో ఎవరు నమ్ముతారు? నేను చెబుతానని ఆగిందని ఇప్పుడు నాకు నమ్మకం. అప్పుడూ తెలుసేమో. నేను పిల్లవాణ్ని ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాను. బండి కదిలింది.

పిల్లవాడు కోలుకున్నాడు. మళ్లీ నొప్పి రాలేదు. ఒళ్లు చేశాడు. ఆమె పోయింది, వీడు బాగయ్యాడు, ఇంకేం సాక్ష్యం కావాలని అత్త ఊరంతా చెప్పింది. బావకు మళ్లీ పెళ్లి చేశారు. మరుసటి ఏడు కళాయి వాడు వచ్చినప్పుడు అందరికంటే ముందు నా గిన్నె పట్టుకెళ్లి ఇచ్చాను. లోపల వెండిలా తెల్లగా తిరిగొచ్చింది.

అక్క తమ్ముడి ఇంట్లో పనిమనిషిలా బతికింది. చాలా ఏళ్లకు ఒక పెళ్లిలో కనిపించింది. జుట్టు నెరిసింది. ఆమె వడ్డించడానికి రాబోతే మా వైపు ఆడవాళ్లు విస్తళ్లకు చేతులు అడ్డం పెట్టారు. నేనూ పెట్టాను. ఆమె ఒక్కటే అడిగింది, “పిలగానికి కడుపు నొస్తలేదు గద?” అని. లేదన్నాను. “మంచిది” అని పక్క బంతికి పోయింది.

మొన్న ఆమె చనిపోయిందని కబురొచ్చింది. నా కొడుకు అన్నం తింటున్నాడు. వాడికిప్పుడు మనవలున్నారు. పోయి చూసొద్దాం రా అన్నాను.

“నాకు మందు వెట్టినామె సావుకు నేనెందుకు పోతనే అమ్మా” అన్నాడు.

వాడి తప్పు లేదు. ఊహ తెలిసినప్పటి నుంచి వాడు విన్నది అదే. వాడి పిల్లలకూ అదే చెప్పాడు. నేను నోరు తెరిచాను. వాడు తలెత్తి చూశాడు, ఏమిటన్నట్టు. మజ్జిగ పోయమంటావా అని అడిగాను. పోశాను.

క్షమించాల్సిన మనిషి లేదు. ఉన్నా అడిగే ముఖం నాకు లేదు. వాడికి చెబుతానో లేదో కూడా మాటివ్వలేను. మీకు చెప్పాను, అంతవరకు ఊపిరాడుతోంది. మా ఇంట్లో ఎవరూ ఇప్పటిదాకా అనని మాట ఇది: అక్క వాడికి ఏ మందూ పెట్టలేదు. వాడికి రోజూ పొద్దున్నే ఆ విషం పెట్టింది నేను.